పిచ్చుక, రాబందు: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో పశువైద్యం చేస్తున్న నన్ను, ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం రాగానే, చాలామంది పిచ్చుకలు ఏమైపోతున్నాయని బాధగా అడుగుతారు. రాబందు గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

అపోహ: పిచ్చుక అంతరించిపోతోంది.

వాస్తవం: జీవజాతులకున్న ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ఊరపిచ్చుకకు ముప్పు లేదు. పెద్ద నగరాల్లో తగ్గిన మాట నిజమే. పెంకుటిళ్ల చూరులు పోవడంతో గూటికి చోటు కరువైంది. సెల్ టవర్లే కారణమనడానికి గట్టి ఆధారం లేదు. గుమ్మానికి వరికంకుల కుచ్చు కట్టడం చక్కని ఆచారమే గానీ, గూట్లోని పిల్లలకు మొదటి రోజుల్లో కావలసింది పురుగులు కాబట్టి, పెరట్లో పురుగుమందు కొట్టకపోవడం అంతకన్నా మేలు.

అపోహ: తిండి దొరకకనే రాబందులు పోయాయి.

వాస్తవం: వాటిని చంపింది పశువులకు నొప్పి తగ్గడానికి మేము వేసిన డైక్లోఫెనాక్ సూది. ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువును తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై, లోపలి అవయవాల మీద యూరిక్ ఆమ్లం సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుని, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన 2004లో ఈ సంగతి బయటపెట్టే నాటికే మన దేశంలో తెల్లవీపు రాబందులు చాలావరకు తుడిచిపెట్టుకుపోయాయి. 1992, 2007 మధ్య వాటి సంఖ్య 99.9 శాతం పడిపోయింది. నూటికి ఒక్క కళేబరంలో కూడా మందు ఉండనక్కరలేదు, అంతకన్నా తక్కువైనా ఈ వినాశనానికి చాలు.

అపోహ: 2006లో నిషేధించారు కాబట్టి ఆ బెడద తీరిపోయింది.

వాస్తవం: ఆనందపురం దగ్గర ఒక పాకలో కుంటుతున్న ఆవును చూడటానికి వెళ్తే, గడ్డివాము పక్కన మనుషులకు వాడే మూడు మిల్లీలీటర్ల డైక్లోఫెనాక్ యాంపుల్స్ ఎనిమిది విరిచి పడేసి ఉన్నాయి. పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయనే 2015లో మనుషుల మందును ఒక్క మోతాదుకు కుదించారు. ఆ చిన్నవాటినే పోగుచేసి ఎక్కించారు. "ఒక్క పూటలో లేస్తాది డాక్టరుగారూ" అన్నాడు రైతు. మెలాక్సికామ్ అనే మరో నొప్పి మందుతోనూ లేస్తుందని చెప్పి, అదే వేశాను. అది రాబందుకు హాని చేయదు. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందులు కూడా రాబందుకు ప్రమాదకరమైనవే. పశువులకు వాటి వాడకాన్ని 2023లో నిషేధించారు.

అపోహ: కాపాడటం మొదలుపెడితే రెండూ ఒకేలా కోలుకుంటాయి.

వాస్తవం: పిచ్చుక గోరింకలు, కాకుల వర్గానిది, రాబందు గద్దల కుటుంబానిది. పిచ్చుక పుట్టిన మరుసటి ఏడాదికే గూడు కట్టి, ఏటా రెండు మూడు ఈతలుగా, ఈతకు మూడు నుంచి అయిదు గుడ్లు పెడుతుంది. రాబందు ఈడుకు రావడానికే దాదాపు అయిదేళ్లు పడుతుంది, ఆ తర్వాత ఏడాదికి ఒక్కటే గుడ్డు. 2000 నుంచీ తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉన్న ఈ పక్షిని హైదరాబాద్ నెహ్రూ జంతుప్రదర్శనశాలలో పెంచుతున్నారు. వాటిని వదలాలంటే, ముందు ఆ ప్రాంతంలోని పశువుల పాకల్లో ఈ సూదులు కనబడకుండా పోవాలి.