పడవ మీది నంబరు ఎవరి కోసం?

2017 నవంబరు 12, కార్తీకమాసంలో ఆదివారం. విజయవాడ చూడటానికి వెళ్లిన ఒంగోలు వాకర్స్ క్లబ్ సభ్యులు పవిత్ర సంగమం దగ్గర కృష్ణమ్మ హారతి చూద్దామని ఒక ప్రైవేటు పడవ ఎక్కారు. పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లే. ఆ పడవ అక్కడ తిరగడానికి అనుమతే లేదని తర్వాత బయటపడింది. బస్సుకైనా ఆటోకైనా నంబరు ప్లేటు లేకపోతే మనకు అనుమానం వస్తుంది. పడవ విషయంలో ఆ అలవాటు మనకు లేదు. అందుకు జనాన్ని తప్పుపట్టలేం. ఎందుకంటే నెల్లూరు, ఒంగోలు తీరంలో పడవల లెక్క రాసినవాళ్లు చాలాకాలం పాటు ఎక్కేవాళ్ల గురించి ఆలోచించనే లేదు.

మొదట్లో ఆ లెక్క కావలసింది సుంకం కోసం. మద్రాసు దగ్గర 1806లో మొదలైన కాలువ మెల్లమెల్లగా ఉత్తరానికి సాగి, నెల్లూరు, ఒంగోలు తీరం వెంబడే పెదగంజాం దాకా వచ్చింది. 1876-78 నాటి కరువులో పనులు లేని జనానికి కూలి ఇచ్చి దీనిలో కొంత భాగం తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు పేరుతో అది బకింగ్‌హాం కాలువ అయింది. ఉప్పు, కట్టెలు, ధాన్యం దీని మీదుగానే మద్రాసు చేరేవి. 1890లో వచ్చిన మద్రాసు కాలువలు, రేవుల చట్టం ఈ రాకపోకలకు, వాటి మీది సుంకానికి సంబంధించిందే. 1917లో ఇన్‌లాండ్ స్టీమ్ వెసల్స్ చట్టం వచ్చింది. ఆవిరి పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషన్ పెట్టింది. తెడ్డుతోనో గడతోనో నడిచే పడవ దాని పరిధిలోకి రాదు. 1977 సవరణలో పేరులోంచి ‘స్టీమ్’ పోయింది కానీ ఇంజను లేని పడవ బయటే ఉండిపోయింది. ఈలోగా 1965, 66 తుపాన్లకు కాలువ బాగా దెబ్బతింది. సరుకంతా లారీలెక్కింది.

విహారానికి వాడే పడవలు లెక్కకు మించి ఉన్న అమెరికాలో పడవకు నంబరు వేసే పని 1918లోనే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా అక్కడ మోటారు పడవలకు నంబర్ల చట్టం తెచ్చారు. 1958లో ఆ బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించారు. పడవ ముందు సగంలో, రెండు పక్కలా, కనీసం 3 అంగుళాల ఎత్తు అక్షరాలు ఉండాలి. పడవ రంగులో కలిసిపోని రంగు వేయాలి, ఎడమ నుంచి కుడికి చదివేలా రాయాలి. దూరం నుంచి చూసినా పోల్చుకోగలగాలి, అంతే. రూలు అంటే ఇంత సాదాగా ఉండాలి.

మన దగ్గర నంబరుకు నిజంగా పట్టింపు వచ్చింది 2008 నవంబరులో ముంబై మీద దాడి జరిగాకే. ఉగ్రవాదులు పోర్‌బందర్‌కు చెందిన ‘కుబేర్’ అనే చేపల పడవను పట్టుకుని దాని మీదే వచ్చారు. దాంతో 2009లో మర్చంట్ షిప్పింగ్ చట్టం కింద చేపల పడవల రిజిస్ట్రేషన్ నిబంధనలు మార్చారు. ఇప్పుడు మర పడవల మీద ఐఎన్‌డీ, ఏపీ, తర్వాత రేవు కోడు, పడవ రకం, చివర వరుస సంఖ్య కనిపిస్తాయి. ‘ఎంఎం’ ఉంటే మెకనైజ్డ్ బోటు, ‘ఎంఓ’ ఉంటే మోటారు బిగించిన చిన్న పడవ. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపల మెకనైజ్డ్ బోట్లు వేటాడకూడదన్నది మన రాష్ట్ర నిబంధన. తమిళనాడు నుంచి పెద్ద ఇంజన్ల పడవలు వచ్చి తమ వలలు పాడుచేస్తున్నాయని నెల్లూరు తీరంలో మత్స్యకారులు ఎప్పటి నుంచో గొడవ పడుతున్నారు. ఆ గొడవలో ఈ నంబరు పనికొస్తుంది.

ప్రయాణికుడికి మాత్రం దాని వల్ల ఒరిగేది తక్కువ. ఆ నంబరు చేపల వేటకు ఇచ్చింది, జనాన్ని ఎక్కించుకోవడానికి కాదు. మైపాడులోనో కొత్తపట్నంలోనో సెలవు రోజున ‘ఒక రౌండు తిప్పుతావా అన్నా’ అని అడిగి వేట పడవ ఎక్కేవాళ్లు, దాని మీద ఏపీ అని ఉంది కదా, సర్కారు అనుమతి ఉన్నట్టేగా అనుకుంటే పొరపాటు. ఎంతమందిని ఎక్కించాలో, ఎన్ని లైఫ్ జాకెట్లు ఉండాలో ఆ అక్షరాలు చెప్పవు. అలాగని కాగితాలు ఉన్నంత మాత్రాన భద్రత వచ్చేస్తుందనీ కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటు దొంగచాటు పడవేమీ కాదు. వరద గోదావరిలోకి దాన్ని వదిలారు. 40 మందికి పైగా పోయారు.

1917 చట్టాన్ని పక్కనపెట్టి పార్లమెంటు 2021లో ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం చేసింది. మరుసటి ఏడాది అది అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఒకే రిజిస్ట్రేషన్, అన్ని పడవల వివరాలకూ ఒక కేంద్ర డేటాబేస్ పెట్టారు. పడవకు ఇచ్చిన అధికారిక నంబరు దాని మీద స్పష్టంగా కనబడాలన్నారు. నది, కాలువతో పాటు సరస్సు కూడా ఇందులోకి వస్తుంది.

నా దృష్టిలో ఈ చట్టంలో నెల్లూరుకు ఎక్కువ పనికొచ్చేది ఇంజను లేని పడవల అధ్యాయం. 2023 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం తోడేరు చెరువులో సరదాగా పడవెక్కిన కుర్రాళ్లలో ఆరుగురు మునిగిపోయారు. అది చేపల చెరువులో వాడే పడవ. అలాంటివి ఇన్నేళ్లూ ఏ రిజిస్టరులోనూ చేరాల్సిన పని లేకుండా పోయింది. ఇప్పుడు వాటిని స్థానిక సంస్థల స్థాయిలో, అంటే పంచాయతీ దాకా, నమోదు చేసే వీలుంది. కాకపోతే ఏయే రకాల పడవలు నమోదు కావాలో ముందు రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేయాలి.