స్మార్ట్ క్యాంపస్: డబ్బు ఖర్చు చేయించే అపోహలు, అసలు వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇప్పుడు క్యాంపస్‌లకు కొదవ లేదు. ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ 2008 నుంచి ఉంది. గిరిజన విశ్వవిద్యాలయం 2019లో వచ్చింది. విజయనగరంలో జేఎన్‌టీయూ 2022లో గురజాడ పేరుతో సొంత యూనివర్సిటీ అయింది. రాజాం, టెక్కలి వైపు ఇంజినీరింగ్ కాలేజీలు సరేసరి. ఈ ప్రాంతంలో కాలేజీలకు మీటర్లు, సెన్సర్లు బిగించి నడిపించే పని నాది. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వస్తోందని తెలిస్తే చాలు, 'స్మార్ట్', 'గ్రీన్' అంటూ ఫోన్లు మొదలవుతాయి. ఆ మాటల వెంటే కొన్ని నమ్మకాలూ వస్తాయి. ఎక్కువ డబ్బు తగలేసేవి ఇవి.

అపోహ: గోడకు పెద్ద టీవీ, దాంట్లో రంగుల డ్యాష్‌బోర్డు ఉంటే క్యాంపస్ స్మార్ట్ అయినట్టే.

వాస్తవం: నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. రాత్రి రెండు గంటలకు మీ కాలేజీ లోడ్, అంటే ఆ క్షణాన లాగుతున్న కరెంటు, ఎంత? దీనికి జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. తరగతులు లేవు, ల్యాబులకు తాళాలు పడ్డాయి. అయినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. వాటర్ కూలర్లు, ఆఫ్ చేయని కంప్యూటర్లు, ప్రొజెక్టర్లు, ఎవరూ లేని గదిలో ఏసీ... ఇలా 10 కిలోవాట్లు దండగగా పోతోందనుకుందాం. రాత్రికి 10 గంటల చొప్పున ఏడాదికి 36,500 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 2,92,000 రూపాయలు. కూలర్లకు టైమర్లు పెట్టి, రాత్రి రౌండుకు వెళ్లే వాచ్‌మన్‌కి ఏ బ్లాకులో ఏ స్విచ్ కట్టేయాలో కాగితం మీద రాసిస్తే ఇందులో చాలా భాగం ఆగుతుంది. టీవీ అక్కర్లేదు. బ్లాకుకో సబ్‌మీటరు, అది గంట గంటకూ దాచిపెట్టే రీడింగ్, వారానికోసారి దాన్ని తెరిచి చూసే మనిషి కావాలి. దొరకనిది ఆ మనిషే.

మీటరు పెట్టారు కదా అని చూపిందల్లా నమ్మేయకండి కూడా. ప్యానెల్ బోర్డులో కేబుల్ చుట్టూ సీటీలు, అంటే కరెంటును కొలిచి మీటరుకు చెప్పే రింగులు, తొడుగుతారు. వాటికి దిశ ఉంటుంది. మూడు ఫేజుల్లో ఒక్కదాని సీటీ తిరగబడినా ఆ ఫేజు మైనస్‌లో చూపిస్తుంది. మూడింటి మీదా లోడ్ సమానంగా ఉంటే మీటరులో కనిపించేది అసలు వాడకంలో మూడో వంతే. అలాంటి రీడింగ్ చూసి ఒక బ్లాకు వాళ్లను పొదుపులో ఆదర్శమని మీటింగులో చప్పట్లు కొట్టి మెచ్చుకున్నారు. కొత్త మీటరు బిగించిన రోజే, వైరు చుట్టూ పట్టుకుని కొలిచే క్లాంప్ మీటరుతో ఒక్కో ఫేజూ సరిచూడమనండి. పది నిమిషాల పని.

అపోహ: యూనిట్లు తగ్గిస్తే బిల్లు అంతే తగ్గుతుంది.

వాస్తవం: ఇంటి బిల్లుకు ఈ లెక్క చాలు, పెద్ద క్యాంపస్‌లు తీసుకునే హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ బిల్లుకు చాలదు. యూనిట్లతో పాటు డిమాండ్ చార్జీ ఉంటుంది. ఆ నెలలో ఒక్కసారిగా ఎక్కువలో ఎక్కువ లాగినట్టు నమోదైన గరిష్ఠ డిమాండ్, ఇంతదాకా వాడతామని ముందే ఒప్పందం రాసుకున్న కాంట్రాక్ట్ డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి కట్టాలి. 300 కేవీఏ (డిమాండ్‌ను కొలిచే యూనిట్) కాంట్రాక్ట్ తీసుకున్న కాలేజీ సెలవుల్లో 150కి మించి వాడకపోయినా 240కి కట్టాల్సిందే. బిల్డింగులు కట్టకముందే ముందుచూపుతో పెద్ద కాంట్రాక్ట్ తీసుకుని ఏళ్ల తరబడి కడుతున్న క్యాంపస్‌లు ఉన్నాయి. ఏడాది రీడింగులు ముందు పెట్టుకుని ఎంత అవసరమో తేల్చి, తగ్గించమని కరెంటు సరఫరా చేసే డిస్కమ్‌కి అర్జీ పెట్టుకోవచ్చు.

ఇంకో సంగతి. కరెంటు పోయి వచ్చిన వెంటనే మోటార్లు, ఏసీలు, ల్యాబులు అన్నీ ఒక్కసారే అందుకుంటాయి. కాసేపు అలా నడిచినా చాలు, నెల మొత్తానికీ గరిష్ఠ డిమాండ్ అదే అయి కూర్చుంటుంది. మోటార్లను పావుగంట తేడాతో స్టార్ట్ అయ్యేలా టైమర్లు పెట్టించడం ఇందుకే.

అపోహ: సోలార్ ఉంది కాబట్టి తుపాను వచ్చినా దిగులు లేదు.

వాస్తవం: ఈ జిల్లాల వాళ్లు బాగా తెలుసుకోవాల్సింది ఇది. 2014లో హుద్‌హుద్ చూశాం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని ఊడ్చేసింది. స్తంభాలు కూలి ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. మర్నాడు ఎండ కాస్తే ప్యానెళ్లు పనిచేస్తాయిగా అంటారు. కాలేజీల మీద ఉండేవి ఎక్కువగా ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్లు, అంటే కరెంటు లైన్‌తో కలిసి నడిచేవి. లైన్‌లో కరెంటు లేకపోతే అవి వాటంతట అవే ఆగిపోతాయి. అలా ఆగకపోతే లైన్ బాగుచేయడానికి స్తంభం ఎక్కిన మనిషికి మన కరెంటే తగులుతుంది. కాబట్టి అది లోపం కాదు, ఉండాల్సిన రక్షణే. కరెంటు లేనప్పుడు కూడా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీలు కావాలి. అదీ క్యాంపస్ మొత్తానికి పెడితే తడిసి మోపెడవుతుంది. హాస్టల్ బోరు మోటారు, కారిడార్ లైట్లు, సర్వరు, సెల్‌ఫోన్ల చార్జింగ్ పాయింట్లు మటుకు విడిగా ఒక లైను చేసుకుంటే సరిపోతుంది.

ప్యానెళ్ల స్టాండు సంగతీ అడగండి. గాలి వేగాల కోడ్ ఐఎస్ 875లో పక్కనున్న విశాఖపట్నానికి ఇచ్చింది సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఎక్కడో లోపలి జిల్లాలకు చేసిన డిజైనునే ఇక్కడా బిగించేస్తామంటే ఒప్పుకోకండి. ఇవన్నీ సోలార్ వద్దని చెప్పడానికి కాదు. కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్ల దాకా వస్తాయి, పగటి లోడ్ ఎక్కువుండే కాలేజీకి అంతకంటే సరైన పెట్టుబడి నాకు తెలియదు.

అపోహ: మనిషి కదలికను పట్టే సెన్సర్ పెడితే లైట్లు, ఫ్యాన్లు వాటంతట అవే ఆగుతాయి.

వాస్తవం: వరండాలో, బాత్రూముల్లో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పరీక్ష హాల్లో పిల్లలు తలవంచుకుని రాస్తుంటే కదలిక లేదనుకుని లైటు తీసేస్తుంది. చవగ్గా దొరికే పీఐఆర్ సెన్సర్ చూసేది ఒంటి వేడికీ వెనకున్న గోడ వేడికీ మధ్య తేడాని. మే నెలలో పై అంతస్తు గదులు ఒంటి వేడికి దగ్గరగా కాగిపోతాయి కాబట్టి ఆ తేడాయే మిగలదు. ఫ్యాను అత్యవసరమైన రోజే అది ఆగిపోతుంది! రాడార్ రకం సెన్సర్లకు ఈ బాధ లేదు గానీ, తిరిగే ఫ్యాను రెక్కల్ని మనిషనుకుని ఎప్పటికీ ఆపవు. తరగతి గదికి నేను చెప్పేది టైమ్‌టేబుల్ ప్రకారం ఆపే రిలే (దానంతట అదే పనిచేసే స్విచ్), గోడ మీద మళ్లీ వేసుకునే స్విచ్, మామూలు ఫ్యాన్ల బదులు తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్లు. 75 వాట్లు తినే ఫ్యాను స్థానంలో 30 వాట్లది తిరిగితే సెన్సర్ మరిచిపోయినా పెద్ద నష్టం లేదు.

అపోహ: నీళ్ల పొదుపు పిల్లలకు బుద్ధి చెప్పే వ్యవహారం, దానికి టెక్నాలజీ ఎందుకు?

వాస్తవం: పోస్టర్లు అంటించండి, తప్పులేదు. కానీ హాస్టల్ ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టం చెప్పే సెన్సర్ ఒకటి పెట్టి, రాత్రి ఒంటి గంట నుంచి నాలుగు దాకా గ్రాఫ్ చూడండి. మోటారు ఆగి ఉంది, అందరూ పడుకున్నారు. గీత దాదాపు అడ్డంగా సాగాలి. అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ట్యాంకులో ఒక సెంటీమీటరు అంటే 200 లీటర్లు. గంటకు మూడు సెంటీమీటర్లు దిగుతోందంటే 600 లీటర్లు, రోజుకు 14,400. హాస్టల్లో తలకు 135 లీటర్లు అన్న లెక్కన వంద మందికి పైగా సరిపోయే నీళ్లు, ఏ ఫ్లష్ ట్యాంకులోంచో చప్పుడు లేకుండా పోతున్నాయి. ఆ మర్నాడు ప్లంబరును ఒక్కో ఫ్లోర్ వాల్వు కట్టేసి చూడమంటే ఎక్కడో తేలిపోతుంది.

అపోహ: ఫైళ్లన్నీ ఆన్‌లైన్ చేస్తే కాగితం మిగిలినట్టే.

వాస్తవం: ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, మెయిల్ పెట్టి, ఆ మెయిల్‌ని మళ్లీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టే ఆఫీసుల్లో కాగితం పెరుగుతుంది. సర్టిఫికెట్లకు డిజిలాకర్ ఉన్నాక జిరాక్సులు అడగడం మానేస్తే అదే మొదటి మెట్టు.

అపోహ: పెట్టిన కంపెనీయే అన్నీ చూసుకుంటుంది.

వాస్తవం: ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఉన్నన్నాళ్లు చూసుకుంటుంది. తీరం దగ్గర ఉప్పుగాలికి బాక్సుల స్క్రూలు తుప్పు పడతాయి, బల్లి దూరి బోర్డు షార్ట్ అవుతుంది. ఇవి ఫోన్లో బాగుపడేవి కావు. వీటికి హైదరాబాద్ నుంచి మనిషి రావాలంటే ఎప్పటికొస్తాడో! రీడింగులు వాళ్ల క్లౌడ్‌లో, పాస్‌వర్డ్ వాళ్ల ఇంజినీరు దగ్గర ఉంటే ఏఎంసీ ఆగిన నెలే స్క్రీను ఖాళీ. అందుకే టెండరులో ముందే రాయించుకోండి: అడ్మిన్ పాస్‌వర్డ్ కాలేజీ పేరున ఉండాలి, రీడింగులు ఎప్పుడంటే అప్పుడు ఎక్సెల్‌లో దిగాలి, మీటర్ల మోడ్‌బస్ రిజిస్టర్ల జాబితా (మీటరులో ఏ రీడింగ్ ఎక్కడుందో చెప్పే పట్టిక) చేతికివ్వాలి, మన ఎలక్ట్రీషియన్లు ఇద్దరికి పని నేర్పాలి, పాడైన బోర్డులు ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం, బ్యాటరీలు బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్‌కే వెళ్లాలి. ఈ అయిదూ అందాకే ఫైనల్ బిల్లు మీద సంతకం పెట్టండి.