పాత గేమ్స్ ఇంకా ఎందుకు ఆడాలనిపిస్తాయి?

సంక్రాంతి సెలవులకు శ్రీకాకుళం, విజయనగరం చేరే కుర్రాళ్లు కొత్త ల్యాప్‌టాప్‌ల్లో కూడా మారియో, ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఎక్కించుకుంటుంటారు. చిన్నప్పటి మమకారం ఉండొచ్చు గానీ, అసలు కారణం ఆ గేమ్స్ తయారైన తీరులోనే ఉంది.

1978లో వచ్చిన, గ్రహాంతర శత్రువుల్ని కాల్చే స్పేస్ ఇన్వేడర్స్‌నే తీసుకోండి. తెర మీద 55 శత్రువులు. యంత్రం లోపలున్న ఇంటెల్ 8080 చిప్‌కి అంత శక్తి లేదు కాబట్టి ప్రోగ్రామ్ ఒక్కో ఫ్రేములో, అంటే తెర మీద బొమ్మ మారే ఒక్కో విడతలో, ఒక్క శత్రువునే కదుపుతుంది. గుంపంతా ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పడుతుంది. మనం కాల్చేకొద్దీ కదపాల్సినవి తగ్గి, మిగిలినవి వేగం పుంజుకుంటాయి. చివరి ఒక్కటి ప్రతి ఫ్రేముకీ కదులుతూ చెమటలు పట్టిస్తుంది. తయారుచేసిన తొమోహిరో నిషికాదో దాన్ని లోపమని సరిదిద్దకుండా అలాగే ఉంచేశారు. ఆటకి ప్రాణం అక్కడే ఉంది.

1985 నాటి సూపర్ మారియో మొత్తం 40 కిలోబైట్లు. చోటు చాలక మేఘానికీ పొదకీ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు. అంత పొదుపు చేసినవాళ్లు గెంతు దగ్గర మాత్రం రాజీపడలేదు: బటన్ తట్టి వదిలితే చిన్న గెంతు, నొక్కి పట్టుకుంటే పెద్దది, పరుగు మీద ఇంకా ఎత్తు. మొదటి లెవెల్లో ప్రశ్నార్థకం గుర్తున్న డబ్బాలోంచి వచ్చిన పుట్టగొడుగు కుడివైపు పోయి, పైపుకి తగిలి మన మీదికే తిరిగొస్తుంది. తప్పించుకోబోయినా చాలాసార్లు తగిలేస్తుంది, మారియో పెద్దవాడవుతాడు. ఒక్క ముక్క చెప్పకుండానే అది మంచిదని నేర్పేశారు.

అప్పట్లో గేమ్ క్యాసెట్ అమ్మాక తప్పులుంటే సరిదిద్దే దారి లేదు. ఇంటర్నెట్ వచ్చాక, ముందు విడుదల చేసి తర్వాత తప్పులు సరిదిద్దే ప్యాచ్ ఇవ్వడం అలవాటైంది. 2002 నాటి సాహసయాత్ర గేమ్ మారోవిండ్‌లో ఊళ్లోవాళ్లని దారి అడిగి, గుర్తుపెట్టుకుని వెతుక్కోవాలి. 2006లో దాని తర్వాతి భాగమైన ఒబ్లివియన్‌లో వెళ్లాల్సిన చోటు చూపే గుర్తు దిక్సూచి మీద వచ్చింది. బుర్రకి పని తగ్గింది. అదే గేమ్‌లో గుర్రం కవచాన్ని విడిగా డబ్బుకి అమ్మారు. ఇప్పటి ఉచిత ఫోన్ గేమ్స్ చాలావాటిలో కష్టం ఎంతుండాలో అమ్మకమే నిర్ణయిస్తోంది. పాతవన్నీ గొప్పవేం కాదు. నాణెం వేసి ఆడే ఆర్కేడ్ యంత్రాల్లో, ఆ నాణేల కోసమే కష్టం పెంచినవి బోలెడు. ఇప్పటికీ నిలిచినవి కాలం జల్లెడ పట్టినవి.

ఇంకో తేడా చేతికి తెలుస్తుంది. డబ్బా టీవీ వచ్చిన సిగ్నల్‌ని వచ్చినట్టే గీసేది. ఎల్‌ఈడీ టీవీ బొమ్మకి మెరుగులు దిద్దాకే చూపిస్తుంది, గెంతు ఆలస్యమై మారియో గుంటలో పడతాడు. ఆ మెరుగులు తగ్గించే గేమ్ మోడ్ టీవీలో పెట్టండి, వైరున్న జాయ్‌స్టిక్ వాడండి.

విండోస్‌కి ముందు పీసీల్లో నడిచిన డాస్ గేమ్స్‌కి, పాత పీసీని అనుకరించే డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ కావాలి. కొన్ని గేమ్స్ ప్రాసెసర్ వేగాన్నే గడియారంగా వాడుకున్నాయి కాబట్టి ఇప్పటి కంప్యూటర్లలో పిచ్చి వేగంతో పరుగెడతాయి. డాస్‌బాక్స్‌లో కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కితే నెమ్మదిస్తాయి, కంట్రోల్, ఎఫ్12తో వేగం పెరుగుతుంది. బొమ్మ పైనుంచి నొక్కేసినట్టు కనిపిస్తే సెట్టింగుల ఫైల్లో ఆస్పెక్ట్ అన్నచోట ట్రూ అని పెట్టండి. అప్పటి మానిటర్లు 320 బై 200 చుక్కల బొమ్మని 4:3 తెర నిండా సాగదీసి చూపేవి.