దోమకాటు దురద, దోమల మందు మోతాదు

చిన్నారులకు ఆశీస్సులు.

దోమ కుట్టిన చోట దురద ఎందుకు పుడుతుందో తెలిస్తే, ఏం రాయాలో ఏం రాయకూడదో సగం మీకే తోస్తుంది. కుట్టేది ఆడదోమ ఒక్కటే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. పీల్చే రక్తం గడ్డకట్టకుండా తన లాలాజలాన్ని మన చర్మంలోకి వదులుతుంది. అందులోని ప్రోటీన్లు పరాయివని మన ఒంటికి తెలిసిపోతుంది. చర్మంలో కాపలా కాసే మాస్ట్ కణాలు వెంటనే హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. దాని వల్ల సన్నని రక్తనాళాల్లోంచి నీరు ఊరి దద్దురు లేస్తుంది, నరాల కొసలు రేగి దురద పుడుతుంది. మిమ్మల్ని సతాయించేది దోమ విషం కాదు, ఆ లాలాజలం మీద మీ ఒళ్లు చేస్తున్న యుద్ధం.

ఈ యుద్ధం రెండు విడతల్లో సాగుతుంది. కుట్టిన కొన్ని నిమిషాలకే పాలిపోయినట్టు ఉబ్బే దద్దురు మొదటిది. అది 20 నిమిషాలకు బాగా పెరిగి తర్వాత అణుగుతుంది. మర్నాడు అదే చోట ఎర్రగా, కాస్త గట్టిగా లేచే బొడిపె రెండోది. 24 నుంచి 36 గంటల మధ్య దాని జోరు ఎక్కువ, ఆ తర్వాత కొద్ది రోజుల్లో మానిపోతుంది. ఇది తెలియకనే చాలామంది "నిన్నటికంటే ఎక్కువైందే" అని కంగారుపడి నాలుగు రకాల మందులు ఒకదాని మీద ఒకటి పూస్తారు.

గోకితే హాయిగా ఉంటుంది, కాదనను. గోటి నొప్పి కాసేపు దురదను కప్పేస్తుంది. కానీ ఆ రాపిడికే మాస్ట్ కణాలు మళ్లీ రేగుతాయి, మళ్లీ హిస్టమిన్ వస్తుంది, కాసేపటికే దురద ఇంకా పెరుగుతుంది. చర్మం చిట్లిందంటే గోటి కింద ఉన్న బాక్టీరియా లోపలికి దిగుతుంది. మానిపోవాల్సిన బొడిపె చీము పొక్కుగా మారేది చాలాసార్లు ఇలాగే. అందుకే గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. ఆగలేకపోతే గోకకుండా అరచేత్తో గట్టిగా అదిమి పట్టండి.

కుట్టిన వెంటనే ఆ చోటును సబ్బుతో కడగండి. ఐసు ముక్కను నేరుగా చర్మం మీద పెట్టకుండా పలచని గుడ్డలో చుట్టి 10 నిమిషాలు ఉంచండి. చల్లదనానికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, నరాలు మొద్దుబారతాయి. ఐసు లేకపోతే చన్నీళ్లలో పిండిన గుడ్డ చాలు. అప్పటికీ తగ్గకపోతే ఒక పెద్ద చెంచా వంటసోడాలో ముద్దయ్యేంత వరకే నీళ్లు కలిపి రాసి, 10 నిమిషాలకు కడిగేయండి. రాత్రంతా వదిలేస్తే చర్మం పొడిబారి మంట పుడుతుంది. కాలమైన్ లోషన్ కూడా మంచిదే. సీసాను బాగా కుదిపి దూదితో అద్దండి, కుదపకపోతే పైన తేరిన నీళ్లే వస్తాయి.

దురద మరీ ఎక్కువైతే 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము ఉంది. అది స్టెరాయిడ్. బొడిపె మీద పలచని పొర, రోజుకు రెండుసార్లు, వారానికి మించకుండా. చిట్లిన చర్మం మీద, కళ్ల దగ్గర వద్దు. ఇంట్లో ఎవరికో తామరకు రాసిచ్చిన ట్యూబు కనబడిందని తీసి రాసుకోకండి. అలాంటి వాటిలో చాలాసార్లు ఇంకా ఘాటైన స్టెరాయిడ్లు ఉంటాయి, అవి చర్మాన్ని పలచబరుస్తాయి. సెటిరిజిన్ లాంటి మాత్ర హిస్టమిన్‌ను అడ్డుకుంటుంది, నిజమే. కానీ మోతాదు వయసును బట్టి మారుతుంది, కొందరికి మగత కూడా వస్తుంది. పెద్దవాళ్లకు చెప్పకుండా వేసుకోకండి.

కనురెప్ప మీద కుడితే పొద్దున్నకల్లా కన్ను మూసుకుపోయేంత వాయవచ్చు. అక్కడి చర్మం వదులు, నీరు తేలిగ్గా చేరుతుంది. నొప్పి లేకుండా దురద మాత్రమే ఉంటే చల్లని గుడ్డతో తగ్గుతుంది. జ్వరం వచ్చినా, కనుగుడ్డు కదిపితే నొప్పెట్టినా, చూపు మసకబారినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఎక్కడ కుట్టినా సరే, ఎరుపు గంటగంటకూ పాకుతూ, తాకితే వేడిగా ఉండి, చీము పడితే అది ఇన్ఫెక్షన్. ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడబోయినా ఒక్క నిమిషం కూడా ఆగకుండా అంబులెన్స్‌ను పిలిపించండి. దోమకాటుకు ఇది చాలా అరుదు. కందిరీగ, తేనెటీగ కుట్టినప్పుడు వచ్చే అవకాశం ఎక్కువ.

ఇక ఒంటికి రాసుకునే దోమల మందు సంగతి. "అది రసాయనం కదా, ప్రమాదం కాదా?" అని మీరు అడుగుతారు. అడగాల్సిందే. కానీ రసాయనమా, సహజమా అన్నదానికంటే ఏ మందు, ఎంత శాతం, ఏ వయసుకు, ఎంతసేపు అన్నవి ముఖ్యం. ఈ నాలుగూ లేబుల్ మీద వెతకండి.

ఈ మందులు దోమను చంపవు. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను, చెమట వాసనను పట్టుకుని దోమ వస్తుంది. మందు ఆ ఆనవాలును చెడగొడుతుంది. ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న మందు డీట్. 1946లో అమెరికా సైన్యం కోసం తయారైంది, 1957 నుంచి మామూలు జనం వాడుతున్నారు. దాని శాతం చెప్పేది ఘాటు కాదు, గంటలు. 10 శాతం సుమారు రెండు గంటలు, 20 నుంచి 30 శాతం దాదాపు ఐదు గంటలు పనిచేస్తుంది. 50 దాటాక పెద్దగా లాభం లేదు. గంటసేపు ఆడుకోవడానికి 10 శాతం చాలు. పిల్లలకు 30 మించనక్కర్లేదు. రెండు నెలలలోపు పసికందులకు అసలు రాయకూడదు, దోమతెరే వాళ్లకు రక్ష. డీట్ వల్ల మూర్ఛ వచ్చిన సందర్భాలు ఉన్నాయి గానీ అవి చాలా అరుదు, ఎక్కువగా మింగినప్పుడో, అతిగా పూసినప్పుడో జరిగినవి. ఇది ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది కూడా. కళ్లజోడు ఫ్రేము, గడియారం అద్దం జాగ్రత్త. ఆ బెడద లేనిది పికారిడిన్ అనే మరో దోమల మందు, 20 శాతంలో బాగా పనిచేస్తుంది, జిడ్డు కూడా తక్కువ.

సహజమైనదంతా మెత్తనిదని నమ్మకండి. నిమ్మగడ్డి జాతి సిట్రొనెల్లా నూనె కొద్దిసేపటికే ఎగిరిపోతుంది, కొందరి చర్మానికి పడదు. నిమ్మవాసన యూకలిప్టస్ నుంచి తీసే పీఎండీ గట్టిగానే పనిచేస్తుంది, అయినా మూడేళ్లలోపు పిల్లలకు వద్దు. చేతికి కట్టుకునే దోమల పట్టీలను నమ్ముకోకండి. పట్టీ మణికట్టుకు ఉంటే దోమ చీలమండ మీద కుడుతుంది.

రాసే పద్ధతి చూడండి. సన్‌స్క్రీన్ ముందు, అది ఆరాక దోమల మందు. రెండూ కలిసిన క్రీము కొనకండి: సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి పూయాలి, దోమల మందు అంత తరచుగా అక్కర్లేదు. బట్టల బయట కనబడే చర్మానికే రాయండి, బట్టల లోపల వద్దు. ముఖం మీద స్ప్రే కొట్టకండి. పెద్దవాళ్లు అరచేతిలో పోసుకుని, కళ్లు, నోరు తప్పించి పలచగా అద్దాలి. చిన్నపిల్లల చేతులకు వద్దు, అవి నోట్లోకి వెళ్తాయి. ఇంటికి రాగానే సబ్బుతో కడగండి. పెర్మెత్రిన్ అనే పురుగుమందు బట్టలకు, దోమతెరలకు మాత్రమే, ఒంటికి కాదు.

కొత్త మందైతే ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. ఆ తర్వాత కూడా దురద వస్తే అది దోమదా, మందుదా అన్నది ఇలా పట్టవచ్చు. దోమకాట్లు విడివిడి బొడిపెలు, నడుమ సూదిమొన అంత చుక్క కనబడవచ్చు. మందు పడకపోతే రాసినంత మేరా ఎర్రబారి, చొక్కా చేతి అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతుంది. అలా ఉంటే వెంటనే కడిగేసి, ఆ మందు మానేసి, పేరు రాసి పెట్టుకోండి, డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది. కంట్లో పడితే ధారగా వచ్చే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా, సీసా చేత్తో పట్టుకునే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రేమతో,
మీ తాతయ్య