గులాబీకి కత్తెర ఎక్కడ పెట్టాలి

రెండు నెలలపాటు ఒక కొమ్మని చూసి తెగ మురిసిపోయాను. ఎర్ర గులాబీ మొక్క మొదట్లోంచి, దాదాపు మట్టిని ఆనుకుని, లేత ఆకుపచ్చగా నిటారుగా లేచింది. మిగతా కొమ్మలు నెలకి జానెడు పెరిగితే ఇది వారానికి జానెడు పెరిగేది. దానికి అడ్డొస్తున్నాయని పాత కొమ్మలు రెండు తీసేశాను కూడా. చివరికి పూసింది. తెల్లగా, ఐదే రేకులతో, గుత్తులు గుత్తులుగా, ఒక్కోటీ గోరంత పూలు. నేను పెంచింది నా గులాబీని కాదు, దాని కిందున్న ఇంకో మొక్కని.

హైబ్రిడ్ టీ గులాబీలు, అంటే పొడుగాటి మొగ్గతో పెద్ద పువ్వు పూసే రకాలు, చాలావరకు ఇలా రెండు మొక్కల ఉమ్మడి కాపురమే. కింద వేళ్ళు మల్టీఫ్లోరా అనే అడవి గులాబీ లాంటి మొండి జాతివి, పైన అంటుకట్టిన కన్ను (చిగురు పుట్టే చోటు) మనకి నచ్చిన రకానిది. రెండూ అతుక్కున్న చోట కాండం బుడిపెలా ఉబ్బి ఉంటుంది. ఆ బుడిపె కిందనుంచి ఏది మొలిచినా అది కింది మొక్కదే, వదిలేస్తే పై మొక్కని నెమ్మదిగా మింగేస్తుంది. ఒక్కో ఆకులో ఐదు పత్రకాలు (చిన్నాకులు) ఉంటే మంచి కొమ్మ, ఏడుంటే దొంగ కొమ్మ అని చాలామంది చెబుతారు. అది నమ్మకండి, అసలు రకం కొమ్మల మీద కూడా ఏడు కనిపిస్తుంటాయి. కొంచెం మట్టి తీసి ఎక్కడ మొదలైందో చూడటమే నయం. ఇక ఆ పిలకని కత్తెరతో కోస్తే మొదట్లో మిగిలిన కళ్ళలోంచి మళ్ళీ రెండు మూడు లేస్తాయి, అందుకని పట్టుకుని కిందికి లాగి మొదలంటా పీకేయాలి. గులాబీ కొమ్మల దగ్గర కత్తెర పనికిరాని పని నాకు తెలిసి ఇదొక్కటే.

మిగతావన్నీ కత్తెర పనులే, అదెందుకో తెలియాలంటే ఈ మొక్క పుట్టుక దగ్గరికి వెళ్ళాలి. 1867లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో గియో అనే నర్సరీ ఆయన ‘లా ఫ్రాన్స్’ అనే లేత గులాబీ రంగు పువ్వుని బయటికి తెచ్చాడు. మొదటి హైబ్రిడ్ టీగా దాన్నే లెక్కేస్తారు. ఈ తరగతిలో రెండు వంశాలు కలిశాయి. చలికి తట్టుకునే గట్టిదనం యూరప్ గులాబీలది. పొడుగాటి మొగ్గ, చుట్టలు తిరిగిన రేకులు, అన్నిటికంటే ముఖ్యంగా పూతకి విరామం లేకపోవడం, చైనానుంచి వచ్చిన టీ గులాబీలవి.

విరామం లేకపోవడం అనేది నిజానికి ఒక లోపం! ఏడాదికొక్కసారే పూసే గులాబీల్లో కేఎస్ఎన్ అనే జన్యువు పూతకి బ్రేకులా పనిచేస్తుంది. వసంతంలో ఆ బ్రేకు వదులవుతుంది, మొక్క పూస్తుంది, మళ్ళీ బిగుసుకుంటుంది, మిగతా ఏడాదంతా ఆకులూ కొమ్మలే. చైనా గులాబీలో ఎప్పుడో ఒక డీఎన్ఏ ముక్క తన చోటు వదిలి వచ్చి సరిగ్గా ఈ జన్యువు మధ్యలో ఇరుక్కుపోయింది. దాంతో బ్రేకు పోయింది. ఈ సంగతి 2012లో గానీ బయటపడలేదు. తోటపని చేసేవాళ్ళు మాత్రం అంతకుముందు వందల ఏళ్ళుగా ఆ లోపాన్నే ఏరి కోరి కాపాడుకుంటూ వచ్చారు.

దీన్నిబట్టి మనం గుర్తుపెట్టుకోవలసింది ఏంటంటే, హైబ్రిడ్ టీలో బయల్దేరిన ప్రతి కొత్త చిగురూ, వెలుతురూ బలమూ సరిపోతే, చివర పువ్వుతోనే ఆగుతుంది. కాబట్టి ఎన్ని చిగుళ్ళో అన్ని పూలు. చిగురు రావాలంటే ఆకు మొదట్లో నిద్రపోతున్న కన్ను లేవాలి. దాన్ని లేవనివ్వకుండా పైన కూర్చున్నది కొమ్మ కొస. కొస నుంచి ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ ఉంటుంది, అది దిగుతున్నంతసేపూ కింది కళ్ళు నిద్రలోనే ఉంటాయి. కొస కోసేస్తే ఆ ప్రవాహం ఆగిపోతుంది, వేళ్ళ నుంచి వచ్చే సైటోకైనిన్లు అనే హార్మోన్లదీ ఆకుల్లో తయారైన చక్కెరదీ పైచేయి అవుతుంది, కోతకి దగ్గరగా ఉన్న కన్ను ముందు లేస్తుంది. గులాబీ కన్ను లేవడానికి వెలుతురు కూడా కావాలి. మొక్క మధ్యలో కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి చీకటైపోతే ఎంత ఎరువు వేసినా అక్కడి కళ్ళు మొండికేస్తాయి. బయటివైపు చూస్తున్న కన్ను మీద కోయమని పెద్దవాళ్ళు చెప్పేది అందుకే. చిగురు బయటికి వెళ్తే మధ్యలో గాలీ వెలుతురూ ఆడతాయి, మొక్క గిన్నెలా విచ్చుకుంటుంది.

వాడిన పువ్వు కింద కాడని ఒకసారి దగ్గరగా చూడండి. పువ్వుకి ఆనుకుని ఉన్న ఆకుల్లో మూడేసి పత్రకాలుంటాయి, ఇంకా కిందికి వస్తే ఐదు. పైన మూడాకుల దగ్గరి కన్ను నుంచి వచ్చే చిగురు చాలాసార్లు సన్నగా, పొట్టిగా ఉంటుంది. పెన్సిల్ అంత లావున్న చోట, ఐదాకుల కన్నుకి ఒక చిటికెన వేలి గోరంత పైన కోస్తే వచ్చేది పువ్వుని మోయగల కొమ్మ. అలాగని ప్రతిసారీ పొడుగు కాడతో కోసుకుంటే మొక్కకి ఆకులు మిగలవు, దాని వంటిల్లు ఆకులే కదా. మొదటి ఏడాది మొక్క మీద నేను పువ్వునీ, దాని కింద రెండు ఆకులనీ మించి తీయను. కోతని 45 డిగ్రీల వాలుగా పెట్టాలా అడ్డంగా పెట్టాలా అని తలలు బద్దలు కొట్టుకోనక్కర్లేదు, కత్తెర పదునుగా ఉంటే చాలు. మొద్దు కత్తెర కాడని నలిపేస్తుంది, ఆ నలిగిన చోటే ఎండుతెగులు పట్టుకుంటుంది. కోసిన ఆరేడు వారాలకి మళ్ళీ పువ్వు. పండక్కో పెళ్ళికో పూలు కావాలనుకుంటే వెనక్కి లెక్కేసి కోయొచ్చు. ఎండా చలీ బట్టి ఓ వారం అటూ ఇటూ అవుతుంది, అంతే.

కాడకి ఒకటే పెద్ద పువ్వు కావాలంటే పక్క మొగ్గల్ని బఠాణీ గింజంత ఉన్నప్పుడే వేలితో గిల్లేయాలి. ఆలస్యమైతే అక్కడ నల్లటి మచ్చ మిగిలిపోతుంది.

తెగుళ్ళ సంగతికొస్తే ఒక తమాషా ఉంది. 1900 దాకా హైబ్రిడ్ టీల్లో ముదురు పసుపు లేదు. పెర్నే డుషే అనే ఆయన ‘పర్షియన్ ఎల్లో’ అనే గులాబీతో సంకరం చేసి ‘సొలీల్ డోర్’ తెచ్చాడు, ఇవాళ మనం చూసే పసుపు, నారింజ రంగులు చాలావరకు ఆ దారిన వచ్చినవే. రంగుతోపాటు ఆ వంశంలో ఉన్న ఇంకో గుణం కూడా వచ్చేసింది, నల్లమచ్చ తెగులుకి ఇట్టే లొంగిపోవడం. ఆ శిలీంధ్రం బీజాలు మొలకెత్తాలంటే ఆకు దాదాపు 7 గంటలు తడిగా ఉండాలి. సాయంత్రం పైపు పెట్టి మొక్కంతా తడిపామంటే రాత్రంతా దానికి విందు చేసినట్టే. పొద్దున్నే, మొదట్లో, మట్టికి మాత్రమే నీళ్ళు పోస్తే సగం మందులు అక్కర్లేదు. బూడిద తెగులు మాత్రం దీనికి పూర్తిగా తేడా, దానికి తడి ఆకు అవసరం లేదు, ఉక్కగా గాలి ఆడకుండా ఉంటే చాలు.

కోసిన పువ్వుని ఇంట్లో పెట్టడం దగ్గర చాలామంది తొందరపడతారు. మరీ గట్టి మొగ్గగా ఉన్నప్పుడు కోస్తే మెడ దగ్గర కాడ ఇంకా ముదరక పువ్వు విచ్చకుండానే తల వాల్చేస్తుంది. మొగ్గ కింద ఆకుపచ్చ రక్షక పత్రాలు వెనక్కి వంగి, బయటి రేకు ఒకటో రెండో వదులయ్యాక, తెల్లవారుజామున కోయాలి. అప్పుడు కాడలో నీళ్ళు నిండా ఉంటాయి. కోయగానే కాడలోని సన్నటి నీటి గొట్టాల్లోకి గాలి చొరబడుతుంది, ఆ బుడగ అడ్డం పడితే కింద బిందెడు నీళ్ళున్నా పైకి చుక్క ఎక్కదు. గిన్నెలో నీళ్ళు పోసి, కాడని అందులో ముంచి ఉంచి చివర ఓ అంగుళం మళ్ళీ కోస్తే ఆ అడ్డు పోతుంది. నీటిలో మునిగే భాగంలో ఆకులూ ముళ్ళూ తీసేయండి. ముల్లుని పక్కకి నొక్కితే టక్కున ఊడొస్తుంది, ఎందుకంటే గులాబీ ముల్లు అసలు ముల్లే కాదు, నిమ్మచెట్టు ముల్లులా కొమ్మలోంచి పుట్టింది కాదు, పై తొక్క మీద లేచిన కొమ్ము మాత్రమే.

నీళ్ళలో చక్కెర వేస్తే మంచిదంటారు. నిజమే, కానీ ఒట్టి చక్కెర పువ్వు కంటే ముందు సూక్ష్మజీవులకి అందుతుంది, అవి గొట్టాల్ని పూడ్చేస్తాయి. కొంచెం నిమ్మరసం కలిపి, రోజూ నీళ్ళు మారుస్తానంటేనే వేయండి.

ఇక అమరిక. హైబ్రిడ్ టీ అందమంతా పక్కనుంచి చూసినప్పుడే, మధ్యలో శంకువులా లేచి చుట్టూ రేకులు మెలికలు తిరిగి దిగుతాయి. అలాంటి పువ్వుని పళ్ళెంలో నీళ్ళు పోసి తేలేస్తే మిగిలేది రంగు మాత్రమే. ఇరవై కాడలు ఒకే కూజాలో కుక్కడం కన్నా, సన్నమూతి సీసాలో ఒక్క కాడ పెట్టి కంటి ఎత్తులో ఉంచడం నాకిష్టం. మూడు పెట్టదలిస్తే మొగ్గ పైన, సగం విచ్చింది మధ్యన, బాగా విచ్చింది కింద, కూజా మూతిని ఆనుకుని. బయటి రేకు ఒకటి గీతలతో, అంచు మాడి ఉంటే దాన్ని మొదట్లో పట్టుకుని పక్కకి తోసి తీసేయొచ్చు, పోటీలకి పెట్టేవాళ్ళు కూడా చేసే పనే.

అన్నీ చేసినా ఒక్కోసారి మెడ వాలుతుంది. పారేయకండి. చివర మళ్ళీ కోసి, పువ్వుతో సహా కాడ మొత్తాన్ని వెడల్పు తొట్టెలో గోరువెచ్చటి నీళ్ళలో అడ్డంగా పడుకోబెట్టి ఓ గంట వదిలేయండి. గాలి అడ్డం పడి వాలిందైతే చాలాసార్లు మళ్ళీ తల ఎత్తుతుంది. ఎత్తకపోతే రేకులు ఒక్కొక్కటే విప్పి లోపలికి చూడండి. మధ్యకి వెళ్ళేకొద్దీ రేకులు సన్నబడతాయి, కొన్నిటి అంచుకి పసుపు పుప్పొడి తిత్తి సగం అతుక్కుని ఉంటుంది. అడవి గులాబీకి ఉండేవి ఐదు రేకులే. మిగతావన్నీ రేకులుగా మారిపోయిన కేసరాలు, ఇదొకటి మాత్రం సగంలో ఆగిపోయింది.