‘సుల్తానాస్ డ్రీమ్’ వెనుక రాజమండ్రి సంపాదకురాలు

1905లో మద్రాసు నుంచి వెలువడే ‘ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే ఇంగ్లిష్ కథ అచ్చయింది. మన దేశపు తొలి సైన్స్ ఫిక్షన్ కథల్లో ఒకటి. రాసింది పాతికేళ్ల రొకేయా సఖావత్ హుసేన్.

ఆమె పుట్టింది ఇప్పటి బంగ్లాదేశ్‌లోని పైరాబంద్‌లో, కట్టుదిట్టమైన పరదా పాటించే జమీందారీ ఇంట్లో. ఇంగ్లిష్ చదువు ఆమె అన్నయ్య ఇబ్రహీం చాటుగా, రాత్రిళ్లు చెప్పిందే. భర్త సఖావత్ హుసేన్ భాగల్పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేట్. ఆయన టూరుకి వెళ్లినప్పుడు, ఒక్కతే ఉండి పొద్దుపోక ఈ కథ రాశానని ఆ తర్వాత ఆమే చెప్పింది. తిరిగొచ్చిన భర్త నిలబడే మొత్తం చదివి, ‘భయంకరమైన ప్రతీకారం!’ అన్నాడట.

కథ చదివితే ఆ మాట ఎందుకన్నాడో తెలుస్తుంది. అక్కడ పరదా మగవాళ్లకి. ఆడవాళ్ల యూనివర్సిటీల్లో ఒకటి ఆకాశంలోంచి నేరుగా నీళ్లు తీసుకునే బెలూన్‌ని తయారుచేస్తే, మరొకటి ఎండ వేడిని పట్టి దాచే యంత్రం కనిపెడుతుంది. అప్పటికింకా పరదాలోకి వెళ్లకుండా సైన్యాన్ని పెంచుకునే పనిలో ఉన్న మగవాళ్లు దీన్ని తేలిగ్గా కొట్టిపారేస్తారు. తీరా యుద్ధంలో వాళ్లు ఓడిపోయాక, లేడీ ప్రిన్సిపాల్ 2,000 మంది విద్యార్థినులతో వెళ్లి ఆ వేడిని శత్రువు మీదికి మళ్లిస్తుంది. నన్ను ఎక్కువగా పట్టేసేది మాత్రం వంటిల్లు. బొగ్గు లేదు, పొగ లేదు, గోడలకు మసి లేదు. గొట్టంలో వచ్చే ఎండ వేడితోనే వంట. కట్టెల పొయ్యి ముందు కళ్లు మండించుకునే రోజుల్లో రాసిన మాటలివి!

ఈ కథ 1908లో కలకత్తాలో పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడాది భర్త పోయాడు. 1911లో ఆయన పేరుతో కలకత్తాలో 8 మంది అమ్మాయిలతో ఆమె బడి పెట్టింది.

రొకేయా గురించి చెప్పేటప్పుడు ఆ పత్రిక సంపాదకురాలిని తరచూ వదిలేస్తుంటాం. ఆమె కమలా సత్యనాథన్, రాజమండ్రిలో పుట్టిన తెలుగావిడ. ఆడపిల్ల బడికెళ్లడమే అరుదైన కాలంలో ఎం.ఎ. చదివి, 1901లో ఈ పత్రిక మొదలుపెట్టింది. సరోజినీ నాయుడు కవితలు కూడా అందులో వచ్చాయి. ఆడవాళ్ల కోసం ఒక ఆడమనిషి నడిపే పత్రిక అప్పటికే ఉండబట్టే, భాగల్పూర్ పరదాలో రాసిన కథకు మద్రాసులో చోటు దొరికింది. మన సాహిత్య చరిత్రల్లో రొకేయా పక్కన కమల పేరూ రాయాలి.