పులిసిన పిండిలో దొరికినంత మాత్రాన ప్రోబయోటిక్ కాదు

ఇడ్లీ పిండి పులిసి గిన్నె అంచు దాకా పొంగిందంటే అందులో పెద్ద చెయ్యి ల్యూకోనాస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బ్యాక్టీరియాది. దాని పక్కనే లాక్టోబాసిల్లస్ బంధువులు, పీడియోకాకస్, ఒక్కోసారి ఎంటరోకాకస్ కూడా ఉంటాయి. ఆవిరి మీద ఉడికేసరికి దాదాపు అన్నీ చచ్చిపోతాయి కాబట్టి ఇడ్లీని ప్రోబయోటిక్ అని ఊదరగొట్టేవాళ్లు కాస్త తగ్గాలి. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్‌ఏఓ, ఆరోగ్య సంస్థ డబ్ల్యూహెచ్‌ఓ నిపుణులు అర్జెంటీనాలోని కార్డోబాలో ఇచ్చిన నిర్వచనం ప్రకారం ప్రోబయోటిక్ బతికుండాలి, తగినంత మోతాదులో అందాలి, తిన్న మనిషికి మేలు చేయాలి.

అయితే పచ్చి పిండి, పెరుగు, చద్దన్నం కొత్త బ్యాక్టీరియాను వెతికేవాళ్లకు మంచి చోట్లే. చిటికెడు పిండిని ఉప్పునీటిలో కలిపి, పదింతలు చొప్పున పలచన చేస్తూ పోయి, ఎంఆర్‌ఎస్ అనే అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి మేత) పళ్లెం మీద పూస్తారు. ఒకటి రెండు రోజుల్లో తెల్లటి చుక్కల్లా కాలనీలు లేస్తాయి. ఒక్కోదాని మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసి చూస్తారు. బుస్సున నురగ వచ్చిందా, దాన్ని పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలో సాధారణంగా కెటలేజ్ ఎంజైమ్ ఉండదు. మిగిలినవాటిలో బ్యాక్టీరియా జాతిని గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువు చదివి జాతి తేలుస్తారు. తర్వాత పీహెచ్ 2, 3 ఉన్న ఆమ్లంలోనూ, 0.3 శాతం పైత్య లవణాల్లోనూ కొన్ని గంటలు ఉంచి, పొట్టనూ పేగులనూ తట్టుకుని బతుకుతాయా అని చూస్తారు.

చాలా పరిశోధనలు ఇంచుమించు ఇక్కడే ఆగిపోయి, ‘ప్రోబయోటిక్ లక్షణాలున్న కొత్త స్ట్రెయిన్’ (ఒకే జాతిలోని ఒక ప్రత్యేక రకం) దొరికిందని చెప్పేస్తాయి. ఇది నాకు మింగుడుపడదు. టైఫాయిడ్ బ్యాక్టీరియా కూడా పొట్టలోని ఆమ్లాన్ని దాటుకునే పేగుల్లోకి చేరుతుంది. పైత్యం సంగతైతే, అది ఏకంగా పిత్తాశయంలోనే ఏళ్ల తరబడి కాపురం పెట్టగలదు.

అసలు పని భద్రత దగ్గర మొదలవుతుంది. గొర్రె రక్తం కలిపిన అగార్ మీద పెంచినప్పుడు కాలనీ చుట్టూ రక్తకణాలు కరిగి తేటగా వలయం ఏర్పడితే ఆ బ్యాక్టీరియా కథ ముగిసినట్టే. ఎక్కువైతే ఒంటికి పడని హిస్టమిన్, టైరమిన్ లాంటివి తయారుచేస్తోందా అని కూడా చూస్తారు.

యాంటీబయాటిక్‌ల విషయం ఇంత తేలిక కాదు. ల్యూకోనాస్టాక్ మీద వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయదు. అందుకు కంగారు అక్కర్లేదు, ఆ మందు పట్టుకోవాల్సిన చోటే దాని కణకవచంలో పుట్టుకతో వేరుగా ఉంటుంది. ఆ గుణం పక్కవాటికి అంటుకోదు. టెన్షన్ పెట్టేవి ప్లాస్మిడ్‌లు. ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారే చిన్న డీఎన్‌ఏ చుట్టలివి. మందును ఎదిరించే జన్యువు వీటి మీద ఉంటే, మన పేగుల్లోని రోగకారక క్రిమికి అది చేరిపోవచ్చు.

ఇది ఊహ మాత్రమే కాదు. పెరూ దేశపు ఒక తల్లి చనుబాల నుంచి తీసిన ర్యూటెరీ అనే లాక్టోబాసిల్లస్ జాతి స్ట్రెయిన్ ఒకటి, ఏటీసీసీ 55730 (బ్యాక్టీరియా భాండాగారంలో దాని నంబరు), మార్కెట్లోకి కూడా వచ్చింది. దానిలో రెండు ప్లాస్మిడ్‌ల మీద టెట్రాసైక్లిన్, లింకోమైసిన్ నిరోధక జన్యువులు ఉన్నట్టు తేలింది. ఆ రెండింటినీ వదిలించి, మిగతా గుణాలు చెడలేదని సరిచూసుకుని, డీఎస్‌ఎమ్ 17938 అనే పిల్ల స్ట్రెయిన్‌ను తయారుచేశారు. ఆ వివరాలు 2008లో అచ్చయ్యాయి.

ల్యాబ్‌లో అన్నీ నెగ్గినా మనుషుల దగ్గర లెక్క మారిపోవచ్చు. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన క్లోమగ్రంథి వాపు ఉన్నవాళ్లకు ఆరు స్ట్రెయిన్ల మిశ్రమం ఇచ్చి చూశారు. 2008లో వచ్చిన ఫలితాల్లో, ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో 16 శాతం మంది చనిపోతే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 6 శాతమే చనిపోయారు. మామూలు మనిషికి హాని చేయనిది ఐసీయూలో ఉన్నవాడికీ చేయదని చెప్పలేం.

ఒడిశా పల్లెల్లో దీనికి భిన్నంగా జరిగింది. 4,500 మందికి పైగా నవజాత శిశువులతో చేసి 2017లో ప్రచురించిన ప్రయోగంలో, ప్లాంటరమ్ అనే లాక్టోబాసిల్లస్ జాతి స్ట్రెయిన్ ఒకదాన్ని ప్రీబయోటిక్ చక్కెరతో (మంచి బ్యాక్టీరియాకు మేత అయ్యేది) కలిపి ఇస్తే, సెప్సిస్ (ఒళ్లంతా ప్రభావం చూపే తీవ్ర ఇన్ఫెక్షన్) గానీ మరణం గానీ సంభవించినవాళ్లు 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గారు. ప్లాంటరమ్ జాతి మన దోశ పిండిలోనూ దొరుకుతుంది. కానీ ఆ ఫలితం ఏటీసీసీ 202195 అనే స్ట్రెయిన్‌ది. పిండిలోంచి తీసినదానికి మాత్రం రక్తపు అగార్ దగ్గర్నుంచి పరీక్షలన్నీ మళ్లీ మొదలుపెట్టాల్సిందే.